గనిలోంచి ఆకాశం

ఈసారి గోడపత్రికకు అంతరిక్షం గురించి రాస్తానంటే మేడమ్ నవ్వారు. "కేజీఎఫ్ పిల్లవి, హాయిగా గని గురించి రాయవమ్మా" అన్నారు. రెండూ ఒకటే మేడమ్ అన్నాను. వాదన కోసం అన్న మాట కాదది. మా ఊరి చాంపియన్ రీఫ్ గనికి, శ్రీహరికోటకు మధ్య నిజంగానే ఒక దారి ఉంది. ఆ దారి వెంట వెళితే ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఏ దేశమైనా అంత డబ్బు పోసి, అంత దూరం ఎందుకు పోతుంది? ఎప్పుడు ఆగిపోతుంది?

ముందు గని సంగతి. ఆకాశం నుంచి పగలూ రాత్రీ మన మీద ఒక వాన కురుస్తూనే ఉంటుంది. కాస్మిక్ కిరణాలు అంటారు. అవి నక్షత్రాల లోకం నుంచి వచ్చి మన గాలిపొరను గుద్దుకుంటే మ్యూయాన్లు, న్యూట్రినోలు అనే కణాలు పుడతాయి. మీరు ఇక్కడ నిలబడి ఈ కాగితం చదువుతుండగా అరచేయి చాపారనుకోండి, నిమిషానికి వంద దాకా మ్యూయాన్లు దాని గుండా దూసుకుపోతాయి. మనకేమీ తెలియదు. న్యూట్రినోలు ఇంకా విచిత్రం. భూగోళాన్నే అడ్డంగా దాటిపోతాయి, దేన్నీ తాకవు. ఎప్పుడో కోటికొక్కటి తాకుతుందేమో అని కాచుకుని కూర్చోవాలి. కానీ నేల మీద కూర్చుంటే మ్యూయాన్ల సందడిలో దాని జాడ దొరకదు. జాతరలో గుసగుస వినబోయినట్టే. అందుకని నెత్తిమీద కిలోమీటర్ల మందాన రాయి ఉండే చోటు కావాలి. రాయి మ్యూయాన్లను ఆపేస్తుంది, న్యూట్రినోలను ఆపలేదు.

అలాంటి చోటు మా ఊళ్లో ఉంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి హోమీ భాభా పంపగా బి.వి. శ్రీకంఠన్ 1951లోనే కోలారు గనుల్లోకి దిగి మ్యూయాన్లను లెక్కపెట్టడం మొదలుపెట్టారు. లోతుకు పోయేకొద్దీ లెక్క తగ్గుతూ వచ్చింది. 1960ల్లో గని బాగా అడుగున పరికరాలు పెట్టి రెండు నెలలు చూస్తే ఒక్కటీ పడలేదు. మనమైతే ప్రయోగం తప్పిందని సామాను సర్దుకునేవాళ్లం. వాళ్లకు కావలసింది ఆ సున్నాయే! ఇంత నిశ్శబ్దంగా ఉంటే న్యూట్రినోను పట్టవచ్చు అనుకున్నారు. ఎం.జి.కె. మీనన్ నాయకత్వంలో టాటా సంస్థవాళ్లు, జపాన్‌లోని ఒసాకావాళ్లు, ఇంగ్లండ్‌లోని డరమ్ విశ్వవిద్యాలయంవాళ్లు కలిసి సుమారు 2.3 కిలోమీటర్ల లోతున పరికరాలు అమర్చారు. 1965లో, గాలిపొరలో పుట్టిన న్యూట్రినో జాడ అక్కడ దొరికింది. అదే ఏడాది దక్షిణాఫ్రికాలో ఫ్రెడరిక్ రైన్స్ బృందానికీ దొరికింది. అది కూడా బంగారు గనిలోనే. వాళ్లకు జాడ కాస్త ముందు కనిపించినా, అచ్చులో మనవాళ్ల వ్యాసమే రెండు వారాలు ముందొచ్చింది.

మా తాత అప్పట్లో కుర్రవాడు, గనిలో కొత్తగా చేరాడు. "ఆ జపానువాళ్లూ మాతోనే కేజీలో దిగేవాళ్లు. బంగారం కోసం కాదు, చుక్కల కోసం దిగుతున్నారంటే మేం నమ్మలేదు" అంటాడు.

ఇప్పుడు దారి కలిసే చోటు. 1971 డిసెంబరులో విక్రం సారాభాయ్ హఠాత్తుగా చనిపోయారు. 1972లో కొన్ని నెలలు ఇస్రోకు అధ్యక్షుడిగా ఉన్నది ఎవరో తెలుసా? మా గనిలో న్యూట్రినో పట్టిన మీనన్ గారే. తర్వాత సతీశ్ ధవన్ వచ్చారు. సారాభాయ్ కూడా కాస్మిక్ కిరణాల మనిషే, దాని మీదే కేంబ్రిడ్జిలో డాక్టరేటు చేశారు. ఆర్యభట్ట ఉపగ్రహాన్ని తయారు చేయించిన యు.ఆర్. రావు ఆయన శిష్యుడు. అంటే మన అంతరిక్ష కార్యక్రమాన్ని మొదట నడిపినవాళ్లలో చాలామంది ఈ ఆకాశపు వానను లెక్కపెట్టినవాళ్లే. పెద్ద పెద్ద యంత్రాలు కొనే స్తోమత లేని దేశానికి ఉచితంగా దొరికేవి ఆకాశం నుంచి పడే కణాలు, ఎవరో ముందే తవ్వి ఉంచిన గని.

ఆ ఎవరో ఎందుకు తవ్వారన్నదే అసలు సంగతి. 1802లో వారెన్ అనే సర్వే అధికారి ఇక్కడి పల్లెజనం మట్టి కడిగి బంగారం తీయడం చూసి రాసిపెట్టాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ వచ్చింది. లాభం ఉంటే ఎంత పనైనా ఎంత వేగంగా జరుగుతుందో చూడండి. 1902కల్లా శివనసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్ల తీగ లాగి మా ఊరికి కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో. ఈ మాట బెంగళూరు స్నేహితురాళ్లకు చెప్పడం నాకు ఇప్పటికీ సరదా. ఒకప్పుడు 30 వేల మందికి పైగా పనిచేశారు. చిత్తూరు వైపు నుంచి మన తెలుగువాళ్లు, ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు. రాయి పేలి చచ్చిపోయినవాళ్లు, ధూళి పీల్చి ఊపిరితిత్తులు పాడైనవాళ్లు లేని లైను లేదు. మొత్తం మీద 800 టన్నుల బంగారం పైకొచ్చింది. 1956 దాకా తవ్విన కంపెనీలు లండన్‌వి. మైసూరు సంస్థానానికి రాయల్టీ ముట్టింది. ఊరికి మిగిలినవి సైనైడ్ దిబ్బలు. గాలి వీస్తే ఆ బూడిదరంగు దుమ్ము మా ఇంటి అన్నంలోకి కూడా వస్తుంది.

తొలినాళ్లలో టన్ను రాయికి 40 గ్రాములకు పైగా పడిన బంగారం చివరికి 3 గ్రాముల దగ్గరకు వచ్చింది. లోతు పెరిగింది, ఖర్చు పెరిగింది. 2001 ఫిబ్రవరి 28న గని మూసేశారు. లాభం కోసం మొదలైన పని లాభం పోగానే ఆగింది. ఇందులో మోసమేమీ లేదు. పని దేనికోసం మొదలైందో, ఎప్పుడు ఆగాలో కూడా అదే చెప్పేస్తుందని మాత్రం నాకు ఇక్కడే అర్థమైంది.

ఇదే కొలత చంద్రుడి మీద పెట్టి చూద్దాం. 1957 అక్టోబరు 4న రష్యావాళ్లు స్పుత్నిక్ ఎగరేస్తే అమెరికాకు భయం పట్టుకుంది. తలమీద తిరిగేది ఈరోజు ఉపగ్రహం, రేపు బాంబు కావచ్చు కదా. 1961లో కెన్నెడీ చంద్రుడి మీదికి మనిషిని పంపుతామన్నాడు. 1966లో ఆ దేశపు కేంద్ర బడ్జెట్‌లో 4 శాతానికి పైగా నాసాకే పోయింది. 1969లో దిగారు, గెలిచారు. గెలిచాక ఇంకెందుకు? అపోలో 18, 19, 20 రద్దయ్యాయి. 1972 డిసెంబరు తర్వాత యాభై ఏళ్లు దాటినా ఎవరూ అక్కడ కాలు పెట్టలేదు. నాకు నచ్చే వివరం ఒకటుంది: చంద్రుడి మీద నడిచిన 12 మందిలో శాస్త్రవేత్త ఒక్కడే. రాళ్లు చదివిన భూగర్భశాస్త్రవేత్త. ఆయనకు చోటు దొరికింది ఆఖరి ప్రయాణంలో. పోటీ ఏది ముందు పెట్టిందో, ఏది వెనక పెట్టిందో అక్కడే తెలిసిపోతుంది. ఇది కొత్త కథ కూడా కాదు. 1405 నుంచి 1433 వరకు చైనా నౌకాపతి జెంగ్ హే ఏడుసార్లు పెద్ద నౌకాదళంతో బయలుదేరి మన కేరళ తీరం, ఆఫ్రికా దాకా వచ్చాడు. చక్రవర్తి దర్పం చాటడం ఆ ప్రయాణాల్లో పెద్ద పని. దర్బారు మనసు మారింది, ఓడలు ఆగిపోయాయి.

మనదేశం మొదట్లో వేరే మాట చెప్పుకుంది. చంద్రుడి పందెంలో పెద్ద దేశాలతో పోటీ మన పని కాదు, మన జనానికి పనికొచ్చే విద్య కావాలి అన్నది సారాభాయ్ వాదన. అది ఉపన్యాసంతో ఆగలేదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహాన్ని అరువు తీసుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపారు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రెండూ అందులో ఉన్నాయి. వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు, తెలుగులోనే. కరెంటు సరిగా లేని ఊళ్లకు ముందు టీవీ వచ్చింది. ఏడాది కాగానే అమెరికా తన ఉపగ్రహాన్ని తాను తీసుకుంది, ప్రసారం ఆగింది. అరువు వస్తువుతో ఎంత దూరం పోగలమో అప్పుడు తెలిసొచ్చింది. 1983లో ఇన్సాట్-1బి వచ్చాక పరిస్థితి మారింది.

దాని విలువ టీవీలో కంటే తుఫానులో ఎక్కువ కనిపిస్తుంది. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేల మంది పోయారు. 1990 మే నెలలో మళ్లీ కృష్ణా తీరాన్నే భయంకరమైన తుఫాను కొట్టింది. ఈసారి ఉపగ్రహం పైనుంచి దాన్ని చూస్తూ ఉంది, హెచ్చరిక ముందే అందింది, లక్షల మందిని తరలించారు. చనిపోయినవాళ్లు వెయ్యి లోపు. అదీ తక్కువేం కాదు. కానీ పదివేలకూ వెయ్యికీ మధ్య ఉన్న మనుషులు ఇప్పుడు మనమలతో మనమరాళ్లతో బతికి ఉన్నారు. ఉప్పెనలు ఆగవు కాబట్టి ఈ పనికి ఆగే రోజు లేదు.

ఇంత మంచి పనికి కూడా మూల్యం ఎవరో కట్టారు. శ్రీహరికోట దీవిలో అడవినీ నీళ్లనూ నమ్ముకుని బతికిన యానాదులు రాకెట్ కేంద్రం కోసం పాత గూడేలు వదలాల్సి వచ్చింది. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వీ-3 రోహిణిని కక్ష్యలో పెట్టిన సంగతి పాఠంలో ఉంటుంది, యానాదుల సంగతి ఉండదు. గనికార్మికుల మనవరాలిగా నాకు ఈ ఖాళీ కనిపించకుండా పోదు.

2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 దిగుతుంటే మా లైనులో అందరం ఒకే ఇంట్లో కూర్చుని చూశాం. చప్పట్లు కొట్టాం, నేనూ ఏడ్చాను. ఆ సంతోషంలో కాస్త పోటీ కూడా ఉంది, ఎందుకు దాచాలి. కొన్ని రోజుల ముందే రష్యా నౌక అక్కడ కూలిపోయింది కదా. ఇప్పుడు మనిషిని పంపే గగన్‌యాన్, ప్రైవేటు రాకెట్లు, వ్యాపారం అన్నీ వచ్చాయి. వద్దనను. కానీ ఏ పనికి ఏ కారణమో పేరు పెట్టి అడగాలి. గౌరవం కోసం చేసేది గౌరవం దక్కాక ఆగుతుంది, లాభం కోసం చేసేది లాభం తగ్గాక ఆగుతుంది. ఆగినప్పుడు అక్కడి జనం ఏమవుతారన్నది ముందే అడగాల్సిన ప్రశ్న. మా ఊళ్లో ఎవరూ అడగలేదు. ఇప్పుడు మారికుప్పంలో తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పనులకు పోయి చీకటి పడ్డాక తిరిగొచ్చేది ఆ కార్మికుల పిల్లలే. మా నాన్న కూడా.

ప్రయోగశాల ఏమైందో చెప్పలేదు కదా. 1980 నుంచి అదే లోతున 140 టన్నుల ఇనుము పేర్చి, ప్రోటాన్ ఎప్పటికైనా విచ్ఛిన్నమవుతుందా అని ఇంకో పెద్ద పరీక్ష పెట్టారు. గని పనులు ముగింపుకొస్తుంటే 1990ల మొదట్లో అదీ ఆగిపోయింది. గని మూశాక నీళ్లు తోడే పంపులు ఆపేశారు, లోపలంతా నిండిపోయింది. న్యూట్రినోల కోసం మళ్లీ ఒక భూగర్భ ప్రయోగశాల కావాలని తమిళనాడులో తేని దగ్గర కొండ తొలవడానికి ఏళ్ల తరబడి ప్రయత్నించారు. అక్కడి జనం ఒప్పుకోలేదు, పని నిలిచిపోయింది.

ఈ సంగతి చదివి వినిపిస్తే తాత చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా లెవెల్ దాకా ఎన్ని రోజులకు నిండాయో నీళ్లు" అన్నాడు.