నాదస్వరానికి నారయేపి

కాణిపాకంలో వినాయక చవితితో మొదలై 21 రోజులు సాగే బ్రహ్మోత్సవాల్లో స్వామి వాహనం ముందు మేళం నడుస్తుంది. డోలు మోతను, జనం గోలను దాటుకుని వీధి చివరిదాకా వినబడేది నాదస్వరం. మైకులు లేని రోజుల్లో ఊరేగింపుల కోసం పెరిగిన వాద్యం మరి!

ఈ వాద్యం ఒంటికి పేరుమోసిన కర్ర, తమిళ వడ్రంగులు ఆచ్చా అనేది, మనకు కొత్తదేం కాదు. కడప, అనంతపురం అడవుల్లో పెరిగే నారయేపి అదే. మన దేశపు కలపల్లో మహా బరువైన వాటిలో ఒకటి. తంజావూరు జిల్లా నరసింగంపేటలో ఆచారుల కుటుంబాలు తరతరాలుగా దీన్ని తొలుస్తున్నాయి. అక్కడి నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. వాళ్ళు పచ్చి కర్ర ముట్టరు. పడగొట్టిన పాత ఇళ్ళ దూలాలు, స్తంభాలు వెతికి కొంటారు. పచ్చి కర్ర ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, వంకరపోతుంది. లోపలి బెజ్జం వెంట్రుకవాసి మారినా శ్రుతి చెడుతుంది. దశాబ్దాలపాటు ఇంటి కప్పు మోసిన దూలానికి ఇక మారడానికేం మిగలదు.

ఆ బెజ్జం పైన సన్నగా మొదలై కిందికి వెడల్పవుతుంది. అందుకే అదే వేలి పట్టున ఊపిరి బిగిస్తే పై స్థాయి స్వరం పలుకుతుంది. నిలువునా ఒకే వెడల్పుండే క్లారినెట్ అలా కాదు, షడ్జం నుంచి ఏకంగా పై స్థాయి పంచమానికి దూకుతుంది. 1898లో పుట్టిన నాదస్వర విద్వాంసుడు టి.ఎన్. రాజరత్నం పిళ్ళై కోరిక మీద నరసింగంపేట రంగనాథన్ ఆచారి పొట్టి తిమిరి స్థానంలో పొడవాటి బారి నాదస్వరాన్ని తీర్చిదిద్దాడు. శ్రుతి దిగింది, కచేరీకి నప్పింది.

కర్ర మారితే నాదం మారుతుందా? మారుతుందనే విద్వాంసులు చాలామంది. 1971లో అమెరికాలో భౌతిక శాస్త్రవేత్త జాన్ కోల్ట్‌మన్ ఒకే కొలతతో వెండి, రాగి, కర్ర ఫ్లూట్లు చేసి, కనబడకుండా ఊదించాడు. సంగీతజ్ఞులూ తేడా పట్టలేకపోయారు. మోగేది గొట్టంలోని గాలి, గోడ కాదు. అది ఫ్లూటు సంగతే అనుకోండి, అయినా నాదస్వరంలోనూ కర్ర అసలు పని పాడటం కాదు, ఎండకూ ఊపిరి తడికీ కొలత తప్పకుండా నిలబడటమేనని నా లెక్క.

గొంతు సీవాళిది. రెల్లు జాతి కాడను ఆరబెట్టి, ఉడికించి, అణచి చేసే ఈ జంట రేకుల పీక సెకనుకు వందలసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఎక్కువకాలం మన్నదు కాబట్టే విడి సీవాళ్ళు వాద్యానికి దారంతో వేలాడుతుంటాయి.

సీమలో పాత మిద్దెలు కూలగొడుతున్నవారికి ఒక మాట: దూలం నారయేపిదైతే పొయ్యిలో పెట్టకండి, వాద్యాలు చేసేవారిని ఒకసారి అడగండి.