మనసు చదివే విద్య: ఏ దారిన వెళ్ళాలి?

మార్కాపురం పలకపై ఎన్నో తరాల పిల్లలు అక్షరాలు దిద్దుకున్నారు. ఆ పలకలు తయారైన పశ్చిమ ప్రకాశంలోనే చదువులో వెనుకబడిన బిడ్డను ‘మొద్దు’ అని వదిలేసే ఇళ్ళు నేటికీ ఉన్నాయి. వానలు లేని ఏడు తల్లిదండ్రులు వలసపోగా నానమ్మ దగ్గర మిగిలిన పిల్లవాడు ఎందుకు మౌనంగా ఉన్నాడో ఆరా తీసేవారు అరుదు. అందుకే మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల మన ఆడపిల్లలు మనస్తత్వశాస్త్రం చదువుతామంటే మేము సంతోషిస్తాము. అయితే దారి తెలుసుకొని అడుగు వేయాలని కోరుతున్నాము.

ఇంటర్ తరువాత బి.ఎ.లో సైకాలజీని మేజర్‌గా తీసుకోవచ్చు. 2023-24లో రాష్ట్రంలో ఒక మేజర్, ఒక మైనర్ పద్ధతి అమలులోకి వచ్చింది. కాని ఈ సబ్జెక్టు అన్ని కళాశాలల్లో లేదు. ఊరు విడిచి వెళ్ళలేనివారికి ఈ సబ్జెక్టులో ఇగ్నో దూరవిద్య 2025 వరకు ఉండేది. ఏ డిగ్రీ పూర్తిచేసినవారైనా అప్పట్లో అందులో సైకాలజీ ఎం.ఎ.లో చేరగలిగేవారు. ఒక్క హెచ్చరిక: బి.ఎ. పట్టాతోనే చికిత్స చేసే అర్హత రాదు. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే భారత పునరావాస మండలి గుర్తించిన శిక్షణ, అక్కడ నమోదు తప్పనిసరి.

ఉపాధ్యాయ వృత్తి మనకు దగ్గరి దారి. ఇంటర్ తరువాత డీఈఈసెట్ ద్వారా రెండేళ్ళ డి.ఇఎల్.ఇడి., డిగ్రీ తరువాత ఎడ్‌సెట్ ద్వారా రెండేళ్ళ బి.ఇడి. చేయవచ్చు. బి.ఇడి.కి డిగ్రీలో సాధారణంగా 50 శాతం మార్కులుండాలి. రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది. రెండు కోర్సులలోనూ పిల్లల మనస్తత్వం పాఠ్యాంశమే. 150 మార్కుల టెట్‌లో 30 మార్కులు శిశు వికాసం, బోధనా పద్ధతులవే. బి.సి. వర్గాలవారు 75 మార్కులతో ఉత్తీర్ణులవుతారు కనుక బి.సి.-ఇ ధ్రువపత్రం సిద్ధంగా ఉంచుకోవాలి. పాఠశాలలో ఏ సబ్జెక్టు బోధించదలచారో దానికి సరిపోయే మేజర్, మైనర్లేవో డిగ్రీలో చేరకముందే విచారించాలి. మూడేళ్ళు గడిచాక తెలిస్తే ఆ నష్టం తీరదు.

ఇది మన సంప్రదాయానికి పరాయి విద్య అనేవారున్నారు. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ దేహంతోపాటు మనసుకూ జబ్బు చేస్తుందని, దానికీ చికిత్స ఉందని గ్రంథం రాశారు. కారణం తెలిసిన దుఃఖాన్ని, కారణం తెలియని దుఃఖాన్ని వేరుచేసి వివరించారు. దుఆ చేద్దాం, దానితోపాటు బిడ్డ మౌనానికి కారణం వెతికే చదువు మన అమ్మాయిలకు చెప్పిద్దాం. ఇన్‌షా అల్లాహ్, ఆ చదువు ముందుగా మన ఇళ్ళకే మేలు చేస్తుంది.