అస్థి, ధమని: ఒకే పటంలో రెండు సంగతులు

గత మాఘమాసంలో నడుము నొప్పి ఎంతకూ తగ్గక వైద్యుని వద్దకు వెళ్లాను. ఆయన పక్కవాటుగా తీయించిన ఎక్స్‌రే పటాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి రెండు చోట్ల వేలు చూపారు. వెన్నెముకలో ఒక పూస ముందువైపు నలిగి ఉన్నది. దాని ఎదుట సన్నని తెల్లని గీత.

“శాస్త్రిగారూ, ఇది ఎముక కాదు. మీ మహాధమని గోడ. అందులో సున్నం పేరుకొన్నది” అన్నారు.

ఉండవలసిన చోట తరిగి, ఉండరాని చోట పెరిగినది!

వాగ్భటుడు అస్థిని వాతానికి ఆశ్రయంగా అష్టాంగహృదయంలో చెప్పాడు. చరకసంహిత సూత్రస్థానం 20 కఫవికారాలలో ధమనీప్రతిచయాన్ని, అనగా ధమనులలో పేరుకొనడాన్ని, లెక్కించినది. నేటి వ్యాధి అదేనని నేను పట్టుపట్టను. కాని ఈ రెండు మాటలను కలిపి ఆలోచించాలని పటం చూచేవరకు నాకు తోచలేదు.

దేహంలోని కాల్షియంలో నూటికి 99 పాళ్లు ఎముకలలో, దంతాలలో ఉంటుంది. ఎముక రాయి వంటిది కాదు. నిత్యం కొంత కరుగుతూ, కొంత కట్టుకొంటూ ఉంటుంది. వార్ధక్యంలో, విశేషించి ముట్లుడిగిన స్త్రీలలో, కరగడం మిక్కిలి అవుతుంది. ధమని గోడలోని కొన్ని కణాలేమో ఎముకను కట్టే కణాల స్వభావాన్ని పొంది అక్కడ సున్నం పట్టిస్తాయి. ఎముకలో కరిగినదే నేరుగా ధమనికి చేరుతుందనుకోరాదు. అయితే ఎముకలు గుల్లబారినవారిలో ధమనులు గట్టిపడడం తరచుగా కనబడుతుంది. మధుమేహం, మూత్రపిండాల వ్యాధి, పొగాకు రెండింటికీ చేటు. గట్టిపడిన ధమనిలో రక్తపుపోటు పెరిగి గుండెకు శ్రమ అధికమవుతుంది.

మెట్లదారిన వచ్చే నా వయస్సువారు పలువురు మోకాళ్ల నొప్పికని కాల్షియం మాత్రలు సొంతంగా కొని మింగుతున్నారు. ఆయాసం వస్తే మాత్రం వయస్సుదేనని సరిపెట్టుకొంటారు. నేనూ అదే చేశాను. పెరుగు, రాగులు, నువ్వులు, మునగాకు నిశ్చింతగా భుజించవచ్చు. మాత్ర సంగతి వైద్యుడే తేల్చాలి. ఆయన వ్రాసి ఇచ్చినదాన్ని ఈ వ్యాసం చదివి మానవద్దు. ఎముక విరిగినవారు రక్తపుపోటు, చక్కెర, కొవ్వు పరీక్షలు కూడా చేయించుకొనాలి. మెట్లెక్కునప్పుడు రొమ్ము పట్టినట్లయితే అక్కడే కూర్చుండి సహాయం కోరండి, మొక్కు తరువాత తీర్చుకొనవచ్చు.

ఇంట పాత నడుము ఎక్స్‌రే ఉంటే పారవేయకండి. ఈసారి గుండె వైద్యునికి కూడా చూపండి.