యంత్రం పంతులవుతుందా?

యంత్రాలు బడిపంతుళ్ల స్థానం తీసుకుంటాయా అన్న ప్రశ్న కొత్తది కాదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు బి.ఎఫ్. స్కిన్నర్ 1954లోనే బోధన యంత్రాన్ని ప్రదర్శించాడు. పాఠాన్ని చిన్న మెట్లుగా విడగొట్టడం, ప్రతి జవాబుకూ తప్పొప్పులు వెంటనే చెప్పడం దాని పద్ధతి. 2022లో వచ్చిన చాట్‌జీపీటీ అడిగినదానికల్లా వాక్యాలల్లి సమాధానమిస్తుంది. అపారమైన రచనల నుంచి, ఏ మాట వెనుక ఏ మాట వస్తుందో నేర్చుకోవడమే దాని కీలకం.

విద్యార్థిని ఖాళీ ఖాతాగా భావించి సమాచారం జమచేసే చదువును బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రెయిరీ ‘బ్యాంకింగ్ విద్య’ అని విమర్శించాడు. బోధన అంటే అంతే అయితే యంత్రమే మేలు. దానికి అలసట లేదు, విసుగు లేదు. కాని మూడు రోజులుగా బడికి రాని పిల్ల పత్తి చేలో పనికి పోతోందని తెలుసుకొని, తల్లిదండ్రులతో మాట్లాడి తిరిగి తెచ్చేది పంతులే. నా దృష్టిలో బోధన అక్కడ మొదలవుతుంది.

ఒక్క పంతులే ఐదు తరగతులూ చెప్పే బడులు తెలుగు నేలపై ఇంకా ఉన్నాయి. అక్కడికి యంత్రం పంతులుకు తోడుగా వస్తే ఆహ్వానిద్దాం. భర్తీచేయని పోస్టుకు బదులుగా వస్తే మాత్రం ప్రశ్నించాలి. లేకపోతే కలవారి పిల్లలకు మనిషి, లేనివారి పిల్లలకు తెర మిగులుతాయి. యంత్రం సామర్థ్యం కన్నా, దాన్ని ఎవరు ఎవరి బడిలో పెడుతున్నారన్నదే అసలు ప్రశ్న.