జెండా పాటా, చింతగింజలూ

పిల్లలూ, రేపు తెల్లారగట్ల మనం ఖమ్మం మిర్చి యార్డుకు పోతున్నాం కదా, ముందుగా ఓ సంగతి చెప్తా వినండి.

యార్డులో పొద్దున్నే జెండా పాట పెడతారు. వచ్చిన సరుకులో మేలైన తేజ రకం కాయ ఒక లాట్ ఎంచి వ్యాపారులు పాట పాడతారు. ఆ రోజుకు అదే గీటురాయి. తర్వాత వ్యాపారి ఒక్కో రైతు బస్తాల దగ్గరికి వస్తాడు. బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి గుప్పెడు కాయ పైకి లాగుతాడు, చెవి దగ్గర ఆడిస్తాడు. గింజ గలగలమంటే ఎండిన కాయ, మోగకపోతే తేమ ఉన్నట్టు. పైన ఎర్రగా మెరుస్తున్నా అడుగున తాలు ఉందేమోనని అతని అనుమానం. అనుమానం పెరిగేకొద్దీ ధర తెగుతుంది. కాయ కాయా ఏరి తెచ్చిన రైతూ ఆ దెబ్బ తినాల్సిందే.

1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త ఇదే సంగతిని పాత కార్ల బజారు మీద పెట్టి చెప్పాడు. అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియకపోతే మంచి సరుకుకు తగిన ధర రాదు, మెల్లగా అది బజారుకు రావడమే మానేస్తుంది. 2001లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

“మరి షేర్ల బజారులో కంపెనీ లోపల చెయ్యి పెట్టి చూడలేం కదా తాతయ్యా?” అంటారు మీరు. నిజమే. షేరు కొనేవాడు చెయ్యి పెట్టగలిగేది లెక్కల పుస్తకంలోనే.

ఆ పుస్తకం మీద జీవితమంతా పనిచేసిన మన తెలుగాయన ఒకరున్నారు, కృష్ణ పాలేపు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్, కలకత్తా ఐఐఎంలో మేనేజ్‌మెంట్ చదివి, అమెరికాలోని ఎంఐటీలో డాక్టరేట్ చేసి, హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో ప్రొఫెసర్ అయ్యారు. పొదుపు చేసేవాడికీ వ్యాపారం నడిపేవాడికీ మధ్య ఎవరెవరు ఉండాలన్నది ఆయన చదువు. లెక్కలు బయటపెట్టించే చట్టం, వాటిని సరిచూసే ఆడిటరు, అర్థం విప్పి చెప్పే విశ్లేషకుడు. 2001లో పాల్ హీలీతో కలిసి వీటి మీద జరిగిన పరిశోధనలను ఒక్కచోట కూర్చి సమీక్ష రాశారు. అంతకు ముందు 1997లో తరుణ్ ఖన్నాతో కలిసి ఇంకో మాట చెప్పారు. మన దేశం లాంటి చోట్ల ఈ మధ్యవాళ్లలో చాలామంది ఉండరు, ఆ ఖాళీలను టాటాల లాంటి పెద్ద గ్రూపులు తామే పూడ్చుకుంటాయి అని.

ఆ ఖాళీ ఎంత చేటో మన ఇల్లందు చూసింది. 1871లో డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడ బొగ్గు ఉందని కనిపెట్టాడు. కొత్తగూడెం గనుల్లో ‘కింగ్ సీమ్’ అనే పొరకు ఆయన పేరే. ఆ బొగ్గు కోసం 1886లో లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది. మూలధనం 10 లక్షల పౌన్లు, 10 పౌన్ల షేర్లు లక్ష. వాటిలో 85 వేలు గనుల హక్కు సంపాదించిన వాళ్ల చేతికే పోయాయి, పైకం అంతా కట్టేసినట్టు రాసుకుని. ఇక్కడి అడవిలో నేల కింద ఏముందో లండన్‌లో కొనేవాడికి ఏం తెలుస్తుంది? నిజాం కొలువులోని పెద్ద అధికారి అబ్దుల్ హక్ తన వాటా షేర్లనే నిజాం ఖజానాకు అంటగట్టాడు. గుట్టు రట్టయ్యాక 1888లో బ్రిటిష్ పార్లమెంటు విచారణ సంఘం వేసింది. బొగ్గు మాత్రం నిజమైనదే. ఆ కంపెనీయే 1920లో సింగరేణి కాలరీస్ అయింది.

నూరేళ్లు దాటాక, చట్టాలూ ఆడిటర్లూ వచ్చాక కూడా దెబ్బ తగిలింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు రాతపూర్వకంగా ఒప్పుకున్నారు, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదూ బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని. అంతకు ముందు నెల రాజీనామా చేసేదాకా పాలేపు కూడా ఆ బోర్డు సభ్యుడే. శాస్త్రం ఎంత తెలిసినా, కంపెనీ చూపించిన కాగితం ఒక్కటే చూస్తే చాలదు పిల్లలూ. బ్యాంకులో ఎంతుందో బ్యాంకునే అడగాలి. ఒకే చేతి రాతను రెండుసార్లు చదివితే అది సరిచూడటం కాదు.

ఈ సంగతి మీ నాయనమ్మకు బడికి పోకుండానే తెలుసు. దుమ్ముగూడెం అడవిలో ఎండాకాలం తునికాకు కోసేది. కట్టకు 50 ఆకులు. సాయంత్రం కల్లంలో కల్లేదారు కట్టలు లెక్కపెట్టి ఆమె కార్డులో ఒకసారి, తన పుస్తకంలో ఒకసారి రాసుకునేవాడు. ఆమె చదవలేదు. అందుకని ఇంట్లోనే కట్టలు పేర్చుకుంటూ పదికి ఒక చింతగింజ కొంగున ముడేసుకుని పోయేది. ఒకనాడు కార్డులో పడ్డ లెక్కా, కొంగులో గింజలూ కలవలేదు. నలుగురిలో కొంగు విప్పి గింజలు నేలమీద పరిచి, “మళ్లీ లెక్కపెట్టు అన్నా” అంది. మళ్లీ లెక్కపెట్టాడు, కార్డు దిద్దాడు.

ఆ కార్డు మన పెట్టెలో ఇంకా ఉంది. రేపు యార్డు నుంచి వచ్చాక తీసి చూపిస్తా. కొట్టివేత గుర్తు కనబడుతుంది, దాని పక్కనే దిద్దిన అంకె.