రివాల్వర్‌కు మిస్త్రీ కావలెను

జహీరాబాద్‌లో ఇనుముతో పని తెలిసినవాళ్లకు కొదవలేదు. మహీంద్రా ట్రాక్టర్లు తయారయ్యే ఊరిది. 65వ నంబరు జాతీయ రహదారి పక్కన లారీ మెకానిక్కులు, వెల్డింగు షెడ్లు, లేత్ మిషన్లు. విరిగిన గేరుకు పళ్లు పెట్టించుకోవచ్చు, అరిగిన షాఫ్టును కొత్తదానిలా చేయించుకోవచ్చు. కానీ బీరువాలో ఉన్న లైసెన్సు రివాల్వర్ సిలిండర్ బిగుసుకుపోతే మాత్రం ఆ లేత్ షెడ్డు గడప తొక్కకూడదు.

1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకులు తయారుచేయడానికి, అమ్మడానికే కాదు, వ్యాపారంగా బాగుచేయడానికీ లైసెన్సు ఉండాలి. 2019 సవరణ తర్వాత దీన్ని మీరితే కనీస శిక్ష ఏడేళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. స్ప్రింగు మార్చి నాలుగు వందలు పుచ్చుకున్న మెకానిక్కు ఇంత సంగతి తెలియకపోవచ్చు. తుపాకీ యజమానికి తెలిసి తీరాలి.

మరి ఎక్కడికి వెళ్లాలి? జిల్లాలోనే ఎద్దుమైలారంలో మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఉంది కదా అంటారు కొందరు. పేరు చూసి మోసపోకూడదు, అక్కడ తయారయ్యేవి సైన్యానికి కవచ వాహనాలు. బీదర్ దగ్గరే, ముప్ఫై కిలోమీటర్లు. అయితే అది కర్ణాటక. లైసెన్సు పుస్తకంలో ‘చెల్లుబాటయ్యే ప్రాంతం’ అన్న చోట తెలంగాణ వరకే అని రాసి ఉంటే, రివాల్వర్‌తో ఆ సరిహద్దు దాటడమే ఉల్లంఘన. కాబట్టి ఎక్కువమందికి మిగిలే దారి హైదరాబాదే, వంద కిలోమీటర్లు.

హైదరాబాద్‌కు ఈ విద్య కొత్తదేమీ కాదు. ఆబిడ్స్ దగ్గరి గన్‌ఫౌండ్రీకి ఆ పేరు 18వ శతాబ్దం చివర్లో నిజాం కొలువులో పనిచేసిన ఫ్రెంచి సేనాని రేమండ్ పెట్టిన ఫిరంగుల పోతశాల వల్లే వచ్చింది. జనం దాన్ని తోప్ కా సాంచా అన్నారు. రేమండ్‌ను మూసా రామ్ చేసుకున్నదీ వాళ్లే, మూసారాంబాగ్ అలా పుట్టిన పేరే. ఫిరంగి పోయడం వేరు, రివాల్వర్ సరిచేయడం వేరు. ఒకటి కొలిమి పని, రెండోది దాదాపు గడియారం పని.

శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికాలో పేటెంటు పొందిన రివాల్వర్‌లోని కిటుకు ఈనాటికీ మారలేదు. సాధారణంగా ఆరు గదులుండే సిలిండర్‌ను లోపలి చిన్న మీట ఒక్కొక్క గది చొప్పున తిప్పుతుంది. ఇంకో చిన్న ముక్క సరిగ్గా గొట్టం ఎదుట దాన్ని ఆపి పట్టుకుంటుంది. పనివాళ్లు దీన్ని టైమింగ్ అంటారు. మీట కొస కాస్త అరిగినా, ఆపే ముక్క వదులైనా గది గొట్టానికి సూటిగా నిలవదు. తూటా గొట్టం అంచును గీసుకుంటూ పోతుంది, సీసం తునకలు సిలిండర్ పక్కనుంచి చిమ్ముతాయి. పక్కన నిలబడ్డవాడి కంటికి ముప్పు.

మన దేశంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల .32 రివాల్వర్‌కు ఇంకో బలహీనత ఉంది. ఇంగ్లండు వెబ్లీ పోలికలో నడుం దగ్గర విరిచి తూటాలు నింపే రకమది. ఆ కీలు, పైన బిగించే గొళ్లెం ఏళ్ల తరబడి వాడకంలో వదులవుతాయి. 2014లో మహిళలను దృష్టిలో పెట్టుకుని కాన్పూర్‌లో తెచ్చిన ‘నిర్భీక్’ కూడా .32 బోరే. బరువు సుమారు అరకిలో, అప్పటి ధర 1.22 లక్షలు. 2023 ఆగస్టులో వచ్చిన ‘ప్రబల్’ సిలిండర్ మాత్రం పక్కకు తెరుచుకుంటుంది.

అన్నీ .32 ఎందుకంటే, .380, .455 తూటాలు పేల్చగల రివాల్వర్లను చట్టం నిషిద్ధ బోరు జాబితాలో పెట్టింది. తాతల నాటి .455 వెబ్లీ ఇంట్లో ఉందంటే దాని లైసెన్సు కథే వేరు.

మంచి పనివాణ్ని గుర్తుపట్టడం ఎలా? పాత స్క్రూల తలలు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. సరిపడని స్క్రూడ్రైవర్‌తో తిప్పిన చేయి గాడిని చెరిపేస్తుంది. నేర్పరి ముందు తూటాలు లేవని చూస్తాడు, తర్వాత లైసెన్సు అడుగుతాడు, ఆ పైన సుత్తిని బొటనవేలితో నెమ్మదిగా లాగుతూ చప్పుడు వింటాడు. సిలిండర్‌ను అటూ ఇటూ కదిపి, సందును గేజితో కొలిచి, ముక్క మార్చాలా వద్దా అని ఆలోచిస్తాడు. తెలియనివాడి చేతిలోకి ముందు ఆకురాయి వస్తుంది. అరగదీసిన ఇనుము మళ్లీ రాదు.

అతను చేయనన్న పనులను బట్టి కూడా అంచనా వేయవచ్చు. తుపాకీ మీది నంబరు చెరపమంటే 8వ సెక్షన్, గొట్టం పొట్టి చేయమంటే 6వ సెక్షన్ అడ్డొస్తాయి. ‘ఏం కాదులే’ అనే మిస్త్రీ దగ్గర్నుంచి లేచి రావడమే మేలు. పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో పాతికేళ్లు ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌గా చేసి రిటైరైన మనిషైనా సరే, చేయి ఎంత మంచిదైనా సొంత లైసెన్సు లేకుండా ఈ దుకాణం పెట్టడానికి వీల్లేదు.

మరమ్మతుకు మీరే వెళ్లలేకపోతే? కొడుకు చేతికో డ్రైవర్ చేతికో ఇచ్చి పంపేస్తే కుదరదు. మీరు వెంట ఉండాలి, లేదా రాతపూర్వక అనుమతి ఇచ్చి పంపాలి. 3వ సెక్షన్‌లోనే ఆ వెసులుబాటు ఉంది. దుకాణంలో నంబరుతో సహా రసీదు తీసుకోవడం మరచిపోవద్దు.

అసలు సగం మరమ్మతులు తుప్పు పుణ్యమే. తోలు ఒర తేమను పట్టి ఉంచుతుంది, వానాకాలమంతా రివాల్వర్‌ను అందులోనే ఉంచితే ఉక్కు మీద మచ్చలు ఖాయం. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసిన ఆయుధం నెలల తర్వాత చేతికొస్తే, పేల్చి చూసే ముందు తుడిచి, నూనె రాసి, పనివాడికి ఒకసారి చూపించాలి.

చివరిగా, తండ్రి పోయాక బీరువాలో ఆయన రివాల్వర్ కనిపించినవాళ్లకు ఒక మాట. మిస్త్రీని వెతక్కండి. 21వ సెక్షన్ ప్రకారం ముందు దాన్ని పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేయండి, వారసుడిగా లైసెన్సుకు కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టండి. సిలిండర్ తిరుగుతుందో లేదో ఆ తర్వాత చూసుకోవచ్చు.