పారిశ్రామిక సూచీ: తొలి అంకె వేరు, మలి అంకె వేరు

దొరవారిసత్రం: నాయుడుపేట, సూళ్లూరుపేట బజార్ల చుట్టుపక్కల బియ్యం, పంచదార వర్తకులకు ఢిల్లీ ప్రకటించే పారిశ్రామికోత్పత్తి సూచీ దూరపు సంగతిగా తోచవచ్చు. కాని వడ్డీ రేట్లు నిర్ణయించేటప్పుడు రిజర్వు బ్యాంకు చూసే లెక్కల్లో అదొకటి. సరుకుపై తెచ్చిన అప్పు భారం ఆ వడ్డీని బట్టే ఉంటుంది.

కేంద్ర గణాంక శాఖ నెలనెలా మొదట ఇచ్చేది సత్వర అంచనా మాత్రమే. ఫ్యాక్టరీల నుంచి ఆలస్యంగా వచ్చిన వివరాలను కలిపి తరువాత సవరిస్తారు. లోగడ ప్రకటనకు ఆరు వారాలు పట్టేది. 2025 ఏప్రిల్ నుంచి ప్రతి నెలా 28న వెలువరిస్తున్నారు.

సవరణ ఎంత దూరం పోగలదో 2012లో తెలిసివచ్చింది. ఆ జనవరి వృద్ధి 6.8 శాతమని మార్చి 12న ప్రకటించారు. అందులో పంచదార ఉత్పత్తి 134.08 లక్షల టన్నులు! ఆ సీజను మొత్తానికే దేశంలో తయారైంది సుమారు 260 లక్షల టన్నులు. అందులో సగం ఒక్క నెలలో వచ్చిందంటే క్రషింగ్ ఎరిగిన వర్తకుడెవరూ నమ్మడు. అసలు అంకె 58.09 లక్షలే. ఏప్రిల్ 12న వృద్ధిని 1.1 శాతానికి దించారు.

ఈలోగా మార్చి 15న రిజర్వు బ్యాంకు రెపో రేటును 8.5 శాతం వద్దే ఉంచింది. ఏప్రిల్ 17న 8 శాతానికి తగ్గించింది. సవరణ ఒక్కటే కారణమనలేము గాని, మార్చి అంకె చూసి వడ్డీ ఇప్పట్లో తగ్గదని ఎవరైనా సరుకు తెగనమ్ముకుని ఉంటే, ఉత్పత్తే కాని పంచదారను లెక్కలో వేసుకున్నట్లే.